బెంచీ మీదనుండి లేచినవారు



వేసవి సెలవులు వచ్చాయంటే మన పల్లెల్లో కోత కోసిన ప్రతి చేనూ క్రికెట్ మైదానమే. ఆట మొదలయ్యే ముందు ఇద్దరు పెద్ద కుర్రాళ్ళు నిలబడి, ఒక్కొక్కరి పేరు పిలుస్తూ జట్లు పంచుకుంటారు. చివరికి ఒక పిల్లవాడు మిగిలిపోతాడు. వాడిని ఎవరూ పిలువరు. "నువ్వు బంతులు ఏరుకురారా" అంటారు. వాడికి ఆట రాక మిగిలిపోతే అది ఒక సంగతి. ఆట వచ్చినా, ఫలానా వారి పిల్లవాడు గనుక మిగిలిపోతే అది వేరొక సంగతి. ఈ నెల ఆ రెండవ సంగతి గూర్చి మీతో మాట్లాడాలని ఉంది. అందుకు అమెరికా దేశంలో 1947వ సంవత్సరంలో జరిగిన ఒక ఆటల సీజను కథ చెబుతాను.

ఆ ఆట పేరు బేస్‌బాల్. మన క్రికెట్‌కు దూరపు చుట్టం అనుకోండి. జట్టుకు తొమ్మండుగురు. ఒకడు బంతి విసురుతాడు, ఒకడు గుండ్రని కర్రతో కొడతాడు. కొట్టినవాడు మైదానంలో ఉన్న మూడు మజిలీలు దాటి, బయలుదేరిన చోటికి క్షేమంగా తిరిగి వస్తే ఒక పరుగు. ఆ రోజుల్లో అక్కడ రెండు పెద్ద లీగులు, ఒక్కొక్క లీగులో 8 జట్లు ఉండేవి. ఏప్రిల్ నుండి సెప్టెంబరు వరకు ఒక్కొక్క జట్టు 154 ఆటలు ఆడేది. అన్నిటికంటె ఎక్కువ ఆటలు గెలిచిన జట్టు ఆ లీగు విజేత. దానికి గుర్తుగా మైదానంలో ఒక పొడవాటి జెండా ఎగురవేసేవారు. ఆ జెండా పేరు పెన్నెంట్. అందుకే లీగు గెలవడాన్ని పెన్నెంట్ గెలవడం అంటారు. రెండు లీగుల విజేతలు చివర్లో తలపడే పోటీకి వరల్డ్ సిరీస్ అని పేరు.

ఈ పెద్ద లీగుల్లో సుమారు 60 ఏళ్ళపాటు నల్లజాతివారు ఒక్కరు కూడా ఆడలేదు. ఆడకూడదని ఏ పుస్తకంలోనూ వ్రాసిలేదు. కాని జట్ల యజమానులందరూ చెప్పుకోకుండానే ఒక మాట మీద ఉన్నారు. నల్లవారు తమ లీగులు తాము వేరుగా పెట్టుకొని ఆడుకునేవారు. వ్రాయని ఆజ్ఞ ఎంత గట్టిగా నిలబడుతుందో మన ఊళ్ళు ఎరిగిన మీకు నేను చెప్పనక్కరలేదు.

ఆ గోడను కూల్చడానికి పూనుకున్న మనిషి బ్రాంచ్ రికీ. న్యూయార్క్ నగరంలో బ్రూక్లిన్ అనే భాగానికి చెందిన డాడ్జర్స్ జట్టుకు ఆయన పెద్ద. ఓహాయో రాష్ట్రంలో 1881లో ఒక మెథడిస్టు కుటుంబంలో పుట్టాడు. ఆయన పూర్తి పేరు వెస్లీ బ్రాంచ్ రికీ. మన ఇళ్ళలోనూ వెస్లీ అని పేరు పెట్టుకున్న పిల్లలు ఎందరో ఉన్నారు గదా! తల్లికి ఇచ్చిన మాట ప్రకారం ఆదివారం నాడు ఆయన ఆటకు వెళ్ళేవాడు కాడు.

రికీ యౌవనంలో ఓహాయో వెస్లియన్ కళాశాల జట్టుకు శిక్షకుడుగా ఉన్నాడు. ఆ జట్టులో ఛార్లెస్ థామస్ అనే నల్లజాతి విద్యార్థి ఉండేవాడు. ఒకసారి జట్టు ఇండియానా రాష్ట్రంలోని సౌత్ బెండ్ అనే ఊరికి వెళ్ళినప్పుడు హోటలువారు థామస్‌కు గది ఇవ్వమన్నారు. రికీ బ్రతిమాలి, వాదించి, తన గదిలోనే అతనికి మంచం వేయించుకున్నాడు. ఆ రాత్రి థామస్ ఏడుస్తూ తన చేతులు రుద్దుకుంటూ, ఈ నలుపు వదిలిపోతే బాగుండునని వాపోయాడట. ఈ సంగతి రికీ జీవితాంతం చెబుతూనే ఉన్నాడు. అయితే ఆయన చేతిలో అధికారం వచ్చి, ఆ కన్నీటికి జవాబుగా ఒక పని చేసేసరికి 40 ఏళ్ళు పట్టింది.

1945లో రికీ ఒక రోజు బ్రూక్లిన్‌లోని ప్లిమత్ సంఘ కాపరి గదికి వెళ్ళాడు. ఈ సంగతిని ఆ కాపరిగారి సతీమణి తరువాతి కాలంలో వ్రాశారు. మీ పని మీరు చేసుకోండి, నన్ను ఇక్కడ కొంతసేపు ఉండనివ్వండి అని ఆయన కోరాడు. ముప్పావు గంటసేపు ఆ గదిలో అటూ ఇటూ తిరిగాడు, కిటికీలోనుండి చూశాడు, మళ్ళీ తిరిగాడు. చివరకు, ఒక నల్లజాతి ఆటగాణ్ణి జట్టులోకి తీసుకోవడానికి నిశ్చయించుకున్నానని చెప్పి, కన్నీళ్ళతో కూలబడ్డాడు. బానిసత్వం ఉన్న దినాల్లో దానికి విరోధముగా గొంతెత్తిన సంఘం అది. తీర్మానం చేసుకోవడానికి ఆయన మంచి చోటే వెదుక్కున్నాడు.

ఆ ఆటగాడు జాకీ రాబిన్‌సన్. దక్షిణాన జార్జియా రాష్ట్రంలో, ఇతరుల భూమిని పాలుకు చేసుకునే కుటుంబంలో 1919లో పుట్టాడు. తండ్రి ఇల్లు విడిచి వెళ్ళిపోయాడు. తల్లి మాలీ, అయిదుగురు పిల్లలను వెంటబెట్టుకొని 1920లో రైలెక్కి కాలిఫోర్నియాలోని పాసడీనా చేరింది. ఇళ్ళలో పాచిపని చేసి, ప్రార్థన చేసి, వారిని పెంచింది. జాకీ అందరికంటె చిన్నవాడు. యౌవనంలో వీధి కుర్రాళ్ళతో తిరుగుతున్న రోజుల్లో కార్ల్ డౌన్స్ అనే యువ మెథడిస్టు పాదిరిగారు అతణ్ణి వెదకి పట్టుకున్నాడు. కోప్పడకుండా, స్నేహం చేసి, గుడికి రప్పించాడు. శనివారం ఆడిన ఆటకు ఒళ్ళంతా నొప్పులతో ఉన్నా, ఆదివారం ఉదయం లేచి రాబిన్‌సన్ సండే స్కూలు చెప్పేవాడు.

అయితే అతడు స్వభావం చేత సాధువు కాడు. సైన్యంలో ఉండగా 1944లో, బస్సులో వెనక్కి వెళ్ళి కూర్చోమంటే కూర్చోనన్నాడు. దాని మీద సైనిక న్యాయస్థానంలో విచారణ జరిగింది. నిర్దోషి అని విడుదలయ్యాడు. అటువంటి మనిషినే రికీ ఎన్నుకున్నాడు.

1945 ఆగస్టు 28న వారిద్దరూ మొదటిసారి కలుసుకున్నారు. రికీ ఆ రోజు ఒక నాటకమే ఆడాడు. గది ఇవ్వని హోటలు గుమాస్తాలాగా, బూతులు తిట్టే ఎదుటి జట్టువాడిలాగా, కాలితో గాయపరచేవాడిలాగా ఒక్కొక్క వేషం వేసి రాబిన్‌సన్‌ను రెచ్చగొట్టాడు. ఎదురు తిరగడానికి భయపడేవాడు మీకు కావాలా అని రాబిన్‌సన్ అడిగాడు. ఎదురు తిరగకుండా ఉండగల ధైర్యం గలవాడు కావాలని రికీ జవాబిచ్చాడు. ఇటలీ రచయిత పాపీనీ వ్రాసిన క్రీస్తు జీవిత చరిత్ర తీసి, కొండమీది ప్రసంగంలో రెండవ చెంప సంగతి వచ్చే భాగం చదివి వినిపించాడు. రాబిన్‌సన్ ఒప్పుకున్నాడు. ఆ మాట ఎల్లకాలానికి ఇచ్చినది కాదు, మొదటి సంవత్సరాలకు మాత్రమే. ఈ సంగతి గుర్తుంచుకోండి. మళ్ళీ దీని దగ్గరకు వస్తాను.

1946లో రాబిన్‌సన్ డాడ్జర్స్‌కు చెందిన చిన్న జట్టు తరఫున, కెనడాలోని మాంట్రియల్‌లో ఆడాడు. మరుసటి ఏడు పెద్ద జట్టులోకి వస్తాడని తెలిసేసరికి డాడ్జర్స్ ఆటగాళ్ళలోనే కొందరు అతనితో ఆడబోమని ఒక కాగితం తయారుచేశారు. వారిలో ఎక్కువమంది దక్షిణాది రాష్ట్రాలవారు. పీ వీ రీస్ అనే ఆటగాడి దగ్గరకు కూడా ఆ కాగితం వచ్చింది. ఆయనా దక్షిణపు కెంటకీ రాష్ట్రంలో పెరిగినవాడే. కాని సంతకం చేయలేదు. జట్టు శిక్షకుడు అర్ధరాత్రి ఆటగాళ్ళను నిద్రలేపి గట్టిగా మందలించాడు. కాగితం అక్కడితో ఆగిపోయింది.

1947 ఏప్రిల్ 15. బ్రూక్లిన్‌లోని ఎబెట్స్ ఫీల్డ్ మైదానం. 26 వేలకు పైగా జనం చూస్తుండగా, 42 అంకె వేసిన చొక్కాతో రాబిన్‌సన్ మైదానంలోకి దిగాడు. ఆ రోజు అతడు బాగా కొట్టలేదు. అయినా గెలిపించిన పరుగు అతనిదే. డాడ్జర్స్ 5-3తో గెలిచారు.

వారం తిరిగేసరికి ఫిలడెల్ఫియా జట్టు బ్రూక్లిన్‌కు వచ్చింది. దాని శిక్షకుడు బెన్ చాప్‌మన్, అతని ఆటగాళ్ళు తమ బెంచీ మీద కూర్చొని రాబిన్‌సన్‌ను జాతిపేరుతో తిట్టడం మొదలుపెట్టారు. ఈ పత్రికలో వ్రాయదగని మాటలవి. తిట్టు తరువాత తిట్టు, ఆట అయ్యేవరకు ఆగలేదు. తన జీవితంలో అంతగా కదిలిపోయిన రోజు లేదని, కర్ర పారవేసి వెళ్ళి వారిలో ఒకణ్ణి కొట్టి, ఆటకు స్వస్తి చెబుదామనిపించిందని రాబిన్‌సన్ తన ఆత్మకథలో చెప్పుకున్నాడు. కాని కొట్టలేదు. ఎనిమిదవ వంతులో కొట్టి మొదటి మజిలీకి చేరాడు. ఎదుటివారు కన్ను మూసి తెరిచేలోగా రెండవదానికి పరుగెత్తాడు. వారు తొందరలో బంతి తప్పుగా విసరగా మూడవదానికి చేరాడు. తోటివాడు కొట్టిన దెబ్బకు ఇంటికి వచ్చాడు. ఆ ఆటలో ఇరుపక్షాలకూ కలిపి వచ్చిన పరుగు అదొక్కటే. డాడ్జర్స్ 1-0తో గెలిచారు.

మన ప్రసంగాల్లో ఈ కథ సాధారణంగా ఇక్కడే ముగుస్తుంది. "చూశారా, ఓర్చుకున్నాడు, దేవుడు హెచ్చించాడు" అని ఆమెన్ చెప్పుకుంటాము. కాని ఆ మూడు రోజుల ఆటల్లో జరిగిన మరొక సంగతి ఉంది.

డాడ్జర్స్ జట్టులో ఎడ్డీ స్టాంకీ అనే ఆటగాడు ఉండేవాడు. రాబిన్‌సన్ రావడం మొదట్లో అతనికీ ఇష్టం లేదు. ఆ తిట్లు విని విని, చివరకు స్టాంకీ లేచి నిలబడ్డాడు. తిరిగి జవాబు చెప్పకూడని వాడి మీద కేకలు వేస్తారేమి, మీరు పిరికివాళ్ళు, జవాబు చెప్పగలవాడి మీద వేయండి అని ఆ బెంచీ వైపు తిరిగి అరిచాడు. చాప్‌మన్ వల్లనే మా జట్టు ఒక్కటైందని రికీ తరువాతి రోజుల్లో చెప్పేవాడు. ముప్పై మంది తెల్లవారిని ఏకం చేసినది ఆ తిట్లేనని ఆయన ఉద్దేశం.

పీ వీ రీస్ గూర్చి కూడా చెప్పాలి. పరాయి ఊరి మైదానంలో జనం రాబిన్‌సన్‌ను దూషిస్తుండగా, రీస్ తన చోటు విడిచి నడుచుకుంటూ వెళ్ళి, అందరూ చూస్తుండగా అతని భుజం మీద చెయ్యి వేసి నిలబడ్డాడని ఆ కాలపువారు చెప్పుకునేవారు. ఆ దృశ్యాన్నే విగ్రహంగా పోతపోసి 2005లో బ్రూక్లిన్‌లో నిలబెట్టారు. ఉపన్యాసం లేదు, ఊరేగింపు లేదు. భుజం మీద ఒక చెయ్యి, అంతే.

ఆ వేసవి అంతా తేలికగా గడవలేదు. చంపుతామని ఉత్తరాలు వచ్చాయి. బంతి కావాలని ఒంటికి తగిలేలా విసిరినవారున్నారు. ఫిలడెల్ఫియాలో జట్టు ఎప్పుడూ దిగే హోటలు రాబిన్‌సన్‌కు చోటివ్వలేదు. ఆగస్టులో సెయింట్ లూయిస్ కార్డినల్స్ ఆటగాడు ఒకడు ఇనుప ముళ్ళున్న బూటుతో అతని కాలు తొక్కాడు. అతడు అన్నీ భరించి ఆడాడు. 151 ఆటల్లో 125 పరుగులు చేశాడు. బంతి కొట్టకముందే మెరుపులా తరువాతి మజిలీకి పరుగెత్తే విద్యలో 29 సార్లు నెగ్గి లీగులోనే మొదటివాడయ్యాడు. ఆ ఏటి ఉత్తమ కొత్త ఆటగాడు అనే బహుమానం ఆ సంవత్సరమే మొదలైంది. దానిని అందుకున్న మొదటివాడు రాబిన్‌సన్.

సెప్టెంబరు ముగిసేసరికి బ్రూక్లిన్ డాడ్జర్స్ 94 ఆటలు గెలిచి, 60 ఓడి, కార్డినల్స్ కంటె 5 ఆటలు ముందు నిలిచారు. పెన్నెంట్ వారిదైంది. రాబిన్‌సన్‌తో ఆడటానికి ఇష్టపడక, నన్ను వేరే జట్టుకు పంపివేయమని అడిగిన డిక్సీ వాకర్ అనే పేరుగల ఆటగాడు ఉన్నాడు. జట్టును ముందుకు తెచ్చినవారిలో రాబిన్‌సన్‌కు సాటి దాదాపు ఎవరూ లేరని ఆ ఏడు చివరికి అతడే అన్నాడు. అప్పుడు తాను చేసినది బుద్ధితక్కువ పని అని ముసలితనంలో ఒప్పుకున్నాడు కూడా. మారుమనస్సు ఆలస్యంగా వచ్చినా మారుమనస్సే.

వరల్డ్ సిరీస్‌లో మాత్రం డాడ్జర్స్ న్యూయార్క్ యాంకీస్ చేతిలో 4-3తో ఓడిపోయారు. బ్రూక్లిన్‌కు ఆ గెలుపు 1955లోగాని రాలేదు. విశ్వాసంతో చేసిన పనికి ఆ సంవత్సరమే పూర్తి ఫలం దొరకాలని లేదు. అది మన రైతులకు తెలిసిన సంగతే.

ఇప్పుడు ఇందాక గుర్తుంచుకోమన్న మాటకు వస్తాను. రాబిన్‌సన్ మౌనంగా ఉంటానని ఇచ్చిన మాటకు గడువు ఉంది. 1949 నాటికి రికీ అతణ్ణి ఆ మాటనుండి విడిపించాడు. అప్పటినుండి అతడు అన్యాయం కనబడితే నోరు తెరిచి మాట్లాడాడు. కొందరు, మునుపటి సాధువైన రాబిన్‌సనే నయం అని సణిగారు. కాని అదే సంవత్సరం లీగు మొత్తంలో అత్యుత్తమ ఆటగాడిగా ఎన్నికైనదీ అతడే. సాత్వికము వేరు, నోరు నొక్కుకోవడం వేరు. సాత్వికుడు తన బలమును తన చేతిలో ఉంచుకుంటాడు. నోరు నొక్కబడినవాడి బలము ఇతరుల చేతిలో ఉంటుంది.

రికీ కూడా మచ్చలేనివాడు కాడు. నల్లజాతి ఆటగాళ్ళు వస్తే జట్టు గెలుస్తుందని, జనం వస్తారని లెక్కలు చూసుకున్న వ్యాపారి ఆయన. రాబిన్‌సన్ అంతకుముందు ఆడిన నల్లవారి జట్టుకు ఒక్క డాలరు కూడా చెల్లించలేదు. దేవుడు పని చేయించుకునే మనుషులు ఇటువంటివారే. అందుచేత మనకు కూడా సాకు లేదు.

ప్రియులారా, రెండవ చెంప చూపించమని ప్రభువు చెప్పినది ఎవరితో? దెబ్బ తిన్నవాడితో. పక్కన నిలబడి చూస్తున్నవాడికి ఆ వాక్యంలో దాక్కోవడానికి చోటు లేదు. మనమైతే ఆ వాక్యాన్ని ఎప్పుడూ దెబ్బ తిన్నవాడికే వినిపిస్తాము. కొత్త కోడలిని పుట్టింటి పేదరికం ఎత్తి పొడుస్తుంటే, "ఓర్చుకో అమ్మా, ప్రభువు చూస్తున్నాడు" అని కోడలికే చెబుతాము. భర్త ఆ మాటలు వింటూ అన్నం తింటుంటాడు. ప్రేమవిందులో ఒక కుటుంబం ఎప్పుడూ చివరి వరుసలోనే కూర్చుంటుంది. ఎందుకని ఎవరూ అడుగరు. ఒకే బల్ల దగ్గర రొట్టె, ద్రాక్షారసము పుచ్చుకున్నవారు పెళ్ళి సంబంధాల దగ్గరకు వచ్చేసరికి పాత కులం పేరు పలుకుతారు. ఆ మాట విని తలవంచుకున్న విశ్వాసికి సహనం మీద వాక్యం చదువుతాము. ఆ మాట అన్నవాడి వైపు తిరిగి మన సంఘంలో ఎవరు నిలబడుతున్నారు?

మంచి సమరయుని ఉపమానంలో గాయపడినవాడు ఎంత ఓర్పుగా పడి ఉన్నాడో ప్రభువు చెప్పలేదు. దారిన పోయేవారు ఏమి చేశారో చెప్పాడు.

అమెరికాలో 1997లో, ఆ మొదటి ఆటకు 50 ఏళ్ళు నిండినప్పుడు, 42 అంకెను పెద్ద లీగుల్లో ఏ జట్టువారూ ఇకమీదట ఎవరికీ కొత్తగా ఇవ్వకూడదని నిర్ణయించారు. ఇప్పుడు ప్రతి ఏప్రిల్ 15న అన్ని జట్ల ఆటగాళ్ళూ, తెల్లవారూ నల్లవారూ, అదే అంకె వేసుకొని ఆడుతున్నారు. ఒక్కడు మోసిన భారాన్ని, ఒక్క రోజుకైనా, అందరూ వీపున వేసుకుంటున్నారు. గలతీ సంఘానికి పౌలు వ్రాసిన పత్రిక ఆరవ అధ్యాయం తీసి, ఈ రాత్రి కుటుంబ ప్రార్థనలో చదవండి. చదివాక పిల్లలను ఒక ప్రశ్న అడగండి: రేపు ఆటలో చివరికి మిగిలిపోయే పిల్లవాడి పేరు మీలో ఎవరు ముందుగా పిలుస్తారు? పెద్దలు ఆ ప్రశ్న తమను తాము కూడా అడుగుకోవాలి.

ప్రార్థన: ప్రభువా, అవమానపడినవానికి నీ బలము దయచేయుము. చూస్తూ కూర్చున్న మమ్మును క్షమించుము. మా కాళ్ళు లేచి నడిచి, మా చెయ్యి అతని భుజము చేరునట్లు మాకు ధైర్యము ననుగ్రహించుము. ఆమెన్.